రోడ్డు మీద కూర్చున్న బరాత్

మా బ్యాండువాళ్ళ నోట ఒక మాట రాకూడదు. 'రాదు' అనే మాట. పెళ్ళివాళ్ళు వచ్చి ఏ పాట అడిగినా 'వస్తది' అనాలి. వాళ్ళు గల్లీ మలుపు తిరిగాక కూర్చుని నేర్చుకోవాలి. మా నాయన అట్లాగే చేశాడు. ఆయన పోయాక తమ్ముడూ అట్లాగే చేశాడు. నేను మాత్రం ఒకసారి ఆ మాట అన్నాను. గుట్టుగా కాదు, మైకులో, చిక్కడపల్లి నడిరోడ్డు మీద, పెళ్ళిజనమంతా వింటుండగా.

తెలంగాణ రావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఎప్పుడు బంద్ అంటారో, ఏ రోజు బరాత్ ఊరేగింపు తీయనిస్తారో తెలియని కాలం. గ్రంథాలయం దాటి ఒక సందులోకి తిరిగితే మా దుకాణం. దుకాణం తమ్ముడిది. ట్రంపెట్ వాయిస్తాడు, పెళ్ళిళ్ళు ఒప్పుకుంటాడు, వచ్చినవాళ్ళతో తియ్యగా మాట్లాడతాడు. నాకు తియ్యగా మాట్లాడడం చేతకాదు. అందుకే నా చేతికి మైకిచ్చి పాడమన్నారు. జనరేటరు బండి పక్కన నడుస్తూ పాడడమే నా పని.

పాటలన్నీ చెవితో నేర్చినవే. యాభై దాటేదాకా నాకు అక్షరం రాదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, ఆ రోజుల్లో గ్రంథాలయంలో ఫ్యాను కింద పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఫోటోలు తలకిందులు కాకుండా చూసుకుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. ఒకనాడు నా కోడలు కూరగాయలకు పోతూ కిటికీలోంచి నన్ను చూసింది. మర్నాడు నేను అన్నానికి కూర్చుంటే ముందు పలక పెట్టింది. పలక నిండితేనే పళ్ళెం వచ్చేది.

అట్లా అక్షరాలు వచ్చాయి. కానీ చదవడం వచ్చిందా లేదా అన్నది నాకే అనుమానం. పాటల పుస్తకం చేతికిస్తే గడగడా చదివేవాణ్ణి, ఎందుకంటే ఆ పాటలు అంతకుముందే నోటికొచ్చు. మొదటి మాట కంటికి కనబడితే మిగతాదంతా నోరే చెప్పేసేది. కోడలు పుస్తకం మూసేసి, ఇప్పుడు చదువు మామా అనేది. మూసిన పుస్తకం కూడా అంతే బాగా చదివేవాణ్ణి. ఆమెకు కోపం వచ్చేది.

ఇక ఆ పెళ్ళి సంగతి. నారాయణగూడలో ఒక గల్లీ ఉంది. మా నాయన కాలం నుంచి ఆ గల్లీ పెళ్ళిళ్ళు మావే. అంతకుముందు ఏడాదిలో ఒక్కొక్క ఇల్లే డీజే బండ్లకు పోయింది. మిగిలింది ఒకే ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన బ్యాంకులో పనిచేసి దిగిపోయినవాడు. ఆయన బరాత్‌కు మా నాయనే ట్రంపెట్ వాయించాడట, అందుకని పెద్దకొడుకు పెళ్ళికి బ్యాండే ఉండాలని ఇంట్లో పట్టుబట్టాడు.

ఆ పెళ్ళి ఒప్పుకోకముందే తమ్ముడు నాతో ఒక మాట అన్నాడు. "అన్నా, గీ ఇల్లు గూడ డీజే చేతుల వడితే బాజాలు అమ్మేస్త. ఏదన్న ఫంక్షన్ హాల్ల వాచ్‌మెన్ పని జూసుకుంట." వాడు ఊరికే అనే మనిషి కాదు. అప్పటికే పాత ఇత్తడి కొనే వ్యాపారి ఒకడు దుకాణానికి వచ్చి పోయాడు. అతను మా నాయన ట్రంపెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఊది చూడలేదు. అరచేతిలో ఎత్తి బరువు చూసి పెట్టేశాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

తర్వాత పెళ్ళికొడుకు తమ్ముడు వచ్చాడు, వెంట ఇద్దరు ముగ్గురు దోస్తులు. సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఫోన్ తీసి, తాతా ఈ పాట కావాలి అన్నాడు. పాట ఇంకా మొదలు కాలేదు, మా తమ్ముడు "వస్తది" అనేశాడు. ఆ తర్వాత పాట మోగింది. తెలుగు కాదు, హిందీ కాదు, ఇంగ్లీషు కూడా కాదు. నేను ఏ భాష అని అడిగాను. ఒకడు స్పెయిన్ అన్నాడు, ఒకడు బ్రెజిల్ అన్నాడు, మూడోవాడు ఫుట్‌బాల్ ఆడే దేశం ఏదో ఒకటి అన్నాడు. పెళ్ళికొడుకు తమ్ముడు విసుక్కున్నాడు. ఎక్కడిదైతే ఏంటి, ఆఫీసులో అందరి ఫోన్లలో ఇదే ఉందన్నాడు.

పోయే ముందు అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ నాయన బ్యాండు అంటున్నాడు, వీళ్ళు డీజే అంటున్నారు. కాబట్టి రెండూ ఉంటాయి. ముందు మేము నడవాలి. వెనక డీజే బండి సప్పుడు చేయకుండా వస్తుంది. "మీరు ఆగిండ్రనుకో, అది షురూ అయితది. అంతే తాతా, ఫీల్ గాకుండ్రి."

ఫీల్ కావడానికి మాకు టైమెక్కడుంది? వాడు పాటను తమ్ముడి ఫోన్‌లోకి పంపించి పోయాడు. మేము షట్టరు సగం దించుకుని కూర్చున్నాం. మా పైన మేడ గదుల్లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు కిరాయికి ఉండేవాళ్ళు. వాళ్ళకు అడ్డం కాకూడదని ట్రంపెట్ల నోళ్ళలో గుడ్డలు కుక్కి సాధన చేసేవాళ్ళం. అయినా ఒక పిల్లవాడు కిందికి దిగి వచ్చాడు. నల్లగొండ దిక్కు పిల్లవాడు. మొహం చూస్తే రోజుల తరబడి నిద్రలేనట్టుంది. "తాతా, జర సప్పుడు తక్కువ జేయుండ్రి, ఆదివారం పరీక్ష ఉన్నది" అన్నాడు. అని పోకుండా గడప దగ్గరే నిలబడి విన్నాడు. గీ పాట మా ఊర్ల గూడ ఏస్తరు తాతా, నిమజ్జనానికి ట్రాక్టరు మీద పెట్టుకుంటరు అన్నాడు. తమ్ముడు నా మొహం చూశాడు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన పాట చిక్కడపల్లి దాటి నల్లగొండ పల్లెకు పోయింది. పోతూ పోతూ మా దుకాణం ముందు ఆగలేదు.

మాకు డ్రమ్ము వాయించేవాడు పాతబస్తీ నుంచి వచ్చే నా చిన్ననాటి దోస్తు. వాళ్ళ తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజుకు వచ్చినవాళ్ళు. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకు వాయించే మర్ఫా దరువు ఆ ఫౌజువాళ్ళ వెంటే వచ్చింది. ఇప్పుడు ఏ మతం పెళ్ళయినా మర్ఫా పడితే కాలు ఆగదు. పాట అర్థం తెలియకుండా నేనెట్లా పాడాలని నేను గొణుగుతుంటే వాడు నవ్వాడు. మర్ఫాలో చిన్నప్పటి నుంచి మనం అరిచే అరుపులకు అర్థం నీకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. నాకూ తెలియదు, మా తాతకు తెలుసు, ఆయన చెప్పకుండానే పోయాడు అన్నాడు.

మాటలు రాసుకోవడానికి వేరే కాగితం దొరక్క వాళ్ళ పెళ్ళికార్డు వెనకవైపు పట్టుకున్నాను. ఫోన్‌ను చెవికి ఆనించి ఒక్కొక్క చప్పుడే రాశాను. ఒక చప్పుడుకు మన అక్షరం లేదు, గొంతులో గరగరమంటుంది. దానికి 'ర' రాసి మీద చుక్క పెట్టుకున్నాను. పాట ఒకచోటికి వచ్చి మళ్ళీ మొదటికి పోయేది. చిన్న పాట, తొందరగా వస్తుంది, మంచిదే అనుకున్నాం. ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. తమ్ముడికీ రాలేదు, నాకూ రాలేదు.

కోడలికి కార్డు చూపించి చదివి వినిపించాను. ఆమె కళ్ళు నా మొహం మీద కాదు, కార్డు మీద ఉన్నాయి. వేలు పెట్టి అక్షరం వెంట అక్షరం వచ్చింది. అయిపోయాక, మామా, ఇయ్యాల సదివినవు అన్నది. నిజమే. ఇందులో నోటికి ముందే తెలిసిన మాట ఒక్కటీ లేదు. కన్ను చూస్తేనే నోరు పలికింది.

తమ్ముడికి అది నచ్చలేదు. "కాయిదం జూసుకుంట పాడుతవా? నవ్వుతరన్నా." నేను నవ్వితే నవ్వనీ అన్నాను. లోపల మాత్రం భయం ఉంది. నడుస్తూ, లైట్లు ఊగుతుంటే, నా కంటికి ఆ అక్షరాలు ఆగుతాయా?

బరాత్ పొద్దుగూకే వేళ నారాయణగూడలో లేచింది. అశోక్‌నగర్‌లో ఫంక్షన్ హాలు. ముందు మేము, తర్వాత ఆడే పిల్లలు, తర్వాత పూలు కట్టిన కారు, దాని వెనక డీజే బండి. బండి మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలు, వాటి మీద నీలం టార్పాలిన్. ఆ డబ్బాల ముందు ఒకడు కాళ్ళు వేలాడేసి పల్లీలు తింటున్నాడు. వాడికి పని లేదు. మేము తప్పు చేయడమే వాడి పని. నేను వెనక్కి చూడకూడదనుకుంటూనే మాటిమాటికీ చూశాను.

నారాయణగూడ చౌరస్తా దాటేదాకా సినిమా పాటలతో నడిపించాం. పెద్దాయన కారు పక్కన నడుస్తూ తల ఊపుతున్నాడు. చిక్కడపల్లి రోడ్డు ఎక్కాక పిల్లలు ఆగిపోయారు. ఆ పాట కావాలన్నారు. తమ్ముడు నా వైపు చూసి ట్రంపెట్ ఎత్తాడు. నేను కార్డు తీశాను.

మొదలైతే మంచిగానే అయింది. పిల్లలు ఈలలు వేశారు. బస్టాపులో నిలబడ్డ ఆడపిల్లలు కూడా పెదాలు కదుపుతున్నారు, ఆ మాటలు వాళ్ళకూ వచ్చు. చెమటకు కార్డు మెత్తబడింది గానీ అక్షరాలు పోలేదు. చుక్క పెట్టిన చోట గొంతు గరగరమనిపించాను. ఒకడు నాకు సలాం కొట్టాడు. తమ్ముడి భుజాలు కిందికి దిగడం చూశాను, అంతసేపూ బిగబట్టి ఉన్నాడు పాపం.

కార్డు మీద రాసింది అయిపోయింది. మొదటి వరుసకు పోవాలి, పోయాను.

అప్పుడు పిల్లలంతా ఒక్కసారి కూర్చున్నారు. గొంతుకూర్చుని చేతులు నేలకు ఆనించి తలలు వంచారు. పట్టుచీరల ఆడవాళ్ళు కూడా కొంగులు పట్టుకుని కూర్చున్నారు. రోడ్డు నిండా వంగిన వీపులే. నేను పాడుతూనే ఉన్నాను, తమ్ముడు ఊదుతూనే ఉన్నాడు, ఎవరూ లేవరు. వాళ్ళు దేనికోసమో చూస్తున్నారు. పెళ్ళికొడుకు తమ్ముడు కూర్చున్నచోటు నుంచే తలెత్తి, చేత్తో 'కానీ, కానీ' అని సైగ చేశాడు. ఏం కానీ?

అప్పుడు తెలిసింది. వాడు మాకిచ్చింది పాట కాదు, ఫోన్ మోగినప్పుడు వచ్చే ముక్క. ఆ పాటకు ఇంకా ముందుంది. అక్కడ ఏదో మెల్లగా వస్తుంది, అందుకు కూర్చుంటారు. తర్వాత ఏదో పెద్దగా వస్తుంది, అప్పుడు ఎగిరి లేస్తారు. ప్రపంచమంతా తెలిసిన సంగతి. మా ఒక్కరికే తెలియదు.

కార్డు ఇవతలికి తిప్పాను, ఏమైనా ఉంటుందేమో అన్నట్టు. ముహూర్తం ఉంది, విందు ఎక్కడో ఉంది.

తమ్ముడి ట్రంపెట్ తడబడింది. క్లారినెట్ ఆగిపోయింది. నా దోస్తు ఒక్కడే డ్రమ్ము మీద పుల్లలను మెల్లగా, చినుకులు పడ్డట్టు ఆడిస్తున్నాడు. అది ఆగితే బ్యాండు ఆగినట్టు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. రోడ్డు అవతల నుంచి ట్రాఫిక్ కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ మా దిక్కు నడవడం మొదలుపెట్టాడు. డీజే బండి మీద వాడు పల్లీల పొట్లం పక్కన పెట్టి టార్పాలిన్ కొస పట్టుకున్నాడు.

పెళ్ళికొడుకు తమ్ముడు లేచి నా దగ్గరికి వచ్చాడు. "తాతా, మిగతాది ఏది?"

తమ్ముడు ట్రంపెట్ దించి వాడికి జవాబు చెప్పబోయాడు. నాకు తెలుసు ఏం చెప్తాడో. వస్తది, ఒక్క నిమిషం, జనరేటరు పరేషాన్ చేస్తున్నది, అట్లాంటిదేదో. ఆ ఒక్క నిమిషంలో టార్పాలిన్ లేస్తుంది. నేను డ్రమ్ము దిక్కు చూశాను. నా దోస్తు పుల్లలు ఆపకుండా గడ్డం ఎత్తి ఒకే మాట అడిగాడు. "మర్ఫా?"

నేను మైకు నోటికి పెట్టుకున్నాను. "మిగతాది మాకు రాదు. మీరిచ్చింది గింతనే, మేం నేర్సింది గింతనే. కూసున్నోళ్ళు కూసోండ్రి, మేం లేపుతం."

తమ్ముడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను నాయన ఫోటోను కింద పడేసినట్టు చూశాడు.

నా దోస్తు మర్ఫా ఎత్తుకున్నాడు. ఒకేసారి కాదు, కింది నుంచి మెల్లగా. వంగిన తలలు కదిలాయి. నేను వాడి తాత అరుపు అరిచాను, వాడు బదులు అరిచాడు. మా ఇద్దరికీ అర్థం తెలియని అరుపు. రెండోసారికి రోడ్డు పక్క చాయ్ హోటలు ముందు నిలబడ్డవాళ్ళు అందుకున్నారు. మూడోసారికి కూర్చున్నవాళ్ళలో సగంమంది లేచారు. అందరూ కాదు. కొందరు ఇంకా ఆ పాట కోసమే చూస్తూ మొహమొహాలు చూసుకుని ఆలస్యంగా లేచారు. లేచినవాళ్ళు జేబుల్లోంచి రుమాళ్ళు తీసి తలల మీద తిప్పారు. పెద్దాయన కారు వదిలి వచ్చి మధ్యలో దూరాడు. ఆయన ఆట ఘోరంగా ఉంది, కానీ ఆడాడు. కానిస్టేబులు లాఠీతో నడవండి నడవండి అన్నాడు, జనం ఆడుతూనే నడిచారు. టార్పాలిన్ లేవలేదు.

అక్కడి నుంచి అశోక్‌నగర్ దాకా మర్ఫా మీదే నడిపించాం. ఆ విదేశీ ముక్కను నడుమ నడుమ అతికించాను, వాళ్ళు కూర్చోవడానికి జాగా ఇవ్వకుండా. తమ్ముడు అన్నిటికీ ఊదాడు. ఒక్కసారి కూడా నా దిక్కు తిరగలేదు.

హాలు గేటు దగ్గర మా పని అయిపోయింది. బ్యాండు ఆగింది, ఆగాల్సిన చోటే ఆగింది. ఆగగానే డీజే బండి టార్పాలిన్ తీశారు, అదే పాట పెట్టారు. మాట ప్రకారం వాళ్ళ తప్పేమీ లేదు. పాట నేను రాసుకున్నదాకా వచ్చింది, దాటింది. అక్కడ దరువంతా పోయి ఒక ఆడమనిషి గొంతు ఒంటరిగా వచ్చింది. మెల్లగా, తొట్టెల ఊపినట్టు. జనం మళ్ళీ కూర్చున్నారు. ఈసారి ఒకేసారి, సరిగ్గా లేవాల్సిన చోట లేచారు. వాళ్ళకు కావలసింది అది. మేమిచ్చింది వేరే. ఆ తేడా నేను మర్చిపోలేదు, మర్చిపోయినట్టు ఎవరికీ చెప్పలేదు కూడా.

తమ్ముడు గేటు పక్క మెట్టు మీద కూర్చుని ట్రంపెట్ నోరు గుడ్డతో తుడుస్తున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. "నాయన దుకాణంల ఆ మాట ఎవ్వడు అన్లేదు" అన్నాడు. "నేనన్న గదా" అన్నాను. అంతకంటే నాకు చేతకాలేదు. వాడు తుడవడం ఆపలేదు. పెద్దాయన లోపల పెళ్ళిపనుల్లో పడ్డాడు, మా దగ్గరికి రాలేదు. పెళ్ళికొడుకు తమ్ముడు పోతూ పోతూ నా భుజం తట్టాడు. బాగుందనా, పర్వాలేదనా, నాకు తెలియలేదు.

ఆ వారమంతా తమ్ముడు దుకాణం తెరిచి ఊరికే కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు. ఇత్తడి వ్యాపారికి ఫోన్ చేశాడని మరదలు మా కోడలితో చెప్పింది, కోడలు నాతో చెప్పింది. నేను అడగలేదు. అడిగితే అవునంటాడని భయం.

వ్యాపారి వచ్చిన రోజు నేను దుకాణానికి ఆలస్యంగా పోయాను, కావాలనే. సందు మలుపులోనే అతని మోపెడ్ కనబడింది, వెనక తక్కెడ కట్టుంది. షట్టరు సగం దించి ఉంది. లోపల నుంచి గుడ్డ కుక్కిన ట్రంపెట్ చప్పుడు వస్తోంది. వంగి లోపలికి పోయాను. పరీక్ష రాసొచ్చిన మేడ మీది పిల్లవాడు స్టూలు మీద కూర్చున్నాడు, చేతిలో ఫోన్. వాళ్ళ ఊరి ట్రాక్టరు మీద పెట్టే పాట, మొత్తం పాట. తమ్ముడు కళ్ళు మూసుకుని ఆ ఆడమనిషి గొంతును వెతుకుతున్నాడు. దొరకడం లేదు. మళ్ళీ పెట్టమని పిల్లవాడికి వేలితో సైగ చేశాడు.

వ్యాపారి గోడకానుకుని నిలబడి, ఎంతసేపయ్యా అన్నాడు. తమ్ముడు కళ్ళు తెరిచి ముందు నన్ను చూశాడు, తర్వాత అతన్ని.

"ఇప్పుడు గాదు. పాట సగంల ఉన్నది."

ఇంకోరోజు రమ్మంటావా అని అతను అడిగాడు. తమ్ముడు ట్రంపెట్ నోటికి పెట్టుకున్నాడు. నేను జేబులోంచి మెత్తబడ్డ పెళ్ళికార్డు తీశాను. వెనకవైపు ఖాళీ లేదు. ఇవతలికి తిప్పి, ముహూర్తం పక్కన అంచు మీద రాయడం మొదలుపెట్టాను.